రయ్యాన్ ఇంటి రేగుచెట్టు

ఇళ్ళు అద్దెకిప్పించే ఆఫీసుల్లో ఇప్పుడు పనిచేస్తున్న కుర్రవాళ్ళకు ఈ సంగతి చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. మీ పని సులువని నేననను. కానీ మీ జేబులో ఫోనుంది. గోడ బీటలిస్తే ఫొటో, పంపు కారితే వీడియో. మా రోజుల్లో సాక్ష్యమంటే గుమస్తా రాసిన అక్షరం ఒక్కటే. ఆ గుమస్తాను నేను.

తొంభైల్లో దోహాలో ఒక ఆఫీసులో పనిచేశాను. అద్దెకు దిగేవాళ్ళకు ఇల్లు అప్పజెప్పడం, ఖాళీ చేసే రోజున మళ్ళీ చూసి అప్పజెప్పించుకోవడం నా డ్యూటీ. రెండుసార్లూ ఒకటే చెక్‌లిస్టు. తాళాలెన్ని, ఏసీలెన్ని, గీజరు పనిచేస్తోందా, ఇట్లా రెండు పేజీలు. వచ్చినప్పుడు రాసినదానికీ పోయేటప్పుడు ఉన్నదానికీ తేడా వస్తే డిపాజిట్లో కోత పడుతుంది. ఆ లిస్టు తయారు చేసింది నేనే కాబట్టి నాకు దాని మీద కాస్త గర్వం కూడా ఉండేది. నా చేతిరాత బాగుంటుందని ఆఫీసులో పేరు.

తగాదాలన్నీ ఎక్కువగా పెరటి దగ్గరే వచ్చేవి. ప్రహరీ లోపల ఇంటి చుట్టూ ఉండే జాగాను అక్కడ హోష్ అంటారు. ఇంట్లో ఏది చెడినా ఓనరు బాగుచేయించాలి, హోష్ మాత్రం అద్దెవాళ్ళు చూసుకోవాలి అని అగ్రిమెంటు. ఇసుక నేలలో గడ్డి బతకడమే గొప్ప. చంపింది మీరని ఓనరు, అసలది పుట్టనేలేదని అద్దెవాడు. ఒక తెల్లదొర ఖాళీ చేసే ముందు రోజు ఎండిన గడ్డికి ఆకుపచ్చ రంగు కొట్టించాడు. 'గడ్డి బాగుంది' అని రాసి గేటు దాకా వచ్చాక చూసుకుంటే నా బూట్లు ఆకుపచ్చగా ఉన్నాయి. ఆఫీసులో వారం రోజులు నవ్వారు. ఆ నవ్వులతోనే నాకు బుద్ధి వచ్చి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

అల్ రయ్యాన్‌లో పాత తోటల వైపు ఒక ఇల్లుండేది. రెండేళ్ళు ఖాళీగా పడి ఉంది. జూన్ నెలలో దాన్ని అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక జంటకు అప్పజెప్పాను. ఆయన సర్వే ఇంజనీరు. ఇద్దరికీ గల్ఫ్ కొత్త. ముందు గదిలో ఏసీ కింద కూర్చుని, నేనెక్కడ చూపిస్తే అక్కడ సంతకాలు పెట్టారు.

అంతకు ముందు ఇల్లంతా తిరిగి లిస్టు నింపింది నేనే. హోష్ దగ్గరికొచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండయింది. వంటింటి తలుపు తీస్తే మొహం మీద కొలిమి తెరిచినట్టయింది. గడప దిగలేదు. అక్కణ్ణుంచే లెక్కపెట్టాను. ఖర్జూరపు చెట్లు రెండు, మూలన పెద్ద రేగుచెట్టొకటి. అది మన రేగే, అక్కడ సిద్ర అంటారు. మా ఆఫీసు డ్రైవరు కరీంనగర్ వైపు మనిషి, నాకన్నా పెద్దవాడు. పైపు కనెక్షన్ చూడ్డానికి హోష్‌లోకి దిగినవాడు అక్కడి నుంచే అన్నాడు.

"సారూ, గీ రేగుచెట్టుకు ఒక్క ఆకు లేదు. పానం ఉన్నదో లేదో జర వచ్చి సూడరాదు?"

"ఎండాకాలంలో మనూళ్ళో రేగు ఆకు రాల్చదా? తొలకరి పడితే అదే చిగురిస్తుంది. నువ్వు పైపు చూడు, చెట్లు నేను చూసుకుంటాను" అన్నాను.

అతను నా వంక చూసి పైపు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ దేశంలో తొలకరి అనేదే లేదన్న సంగతి, అప్పటికి ఆరేళ్ళుగా అక్కడే ఉంటున్న నాకు తట్టలేదు. మనిషి దేశం మారినా కళ్ళు ఊళ్ళోనే ఉండిపోతాయి కాబోలు. 'చెట్లు మూడు, బాగున్నాయి' అని అందంగా రాసి తలుపు వేసేశాను.

మూడేళ్ళు గడిచాయి.

ఆ ఇంజనీరుకు విశాఖపట్నంలో మంచి ఉద్యోగం దొరికింది. ఒకటో తారీఖుకల్లా చేరాలి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇల్లు ఖాళీ చేస్తున్నామని చెప్పగానే ఓనరు కొడుకు వచ్చి చూశాడు. రేగుచెట్టు నిలువునా ఎండిపోయి ఉంది. డిపాజిట్ అంతా పట్టుకోవడమే కాదు, చెట్టు సంగతి తేలేదాకా బాకీ ఏమీ లేదనే క్లియరెన్స్ లెటరు ఇవ్వనన్నాడు. ఆ లెటరు లేకపోతే ఈయన కంపెనీ దేశం దాటడానికి ఎగ్జిట్ పర్మిట్ ఇవ్వదు. ఎగ్జిట్ లేకపోతే విశాఖపట్నం లేదు. ఇక్కడ పాత ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు కాబట్టి ఇదీ లేదు.

ఆయన మా ఆఫీసుకొచ్చి కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. "అన్నా, ఆ చెట్టును మేము సంపలేదన్నా. మా ఇంటామె దినమూ నీళ్ళు పోస్తానే ఉండాది. నువ్వైనా చెప్పన్నా" అన్నాడు.

మా మేనేజరు సూడాన్ దేశస్థుడు, నెమ్మదస్తుడు. కానీ కాగితం దగ్గర మహా ఖచ్చితం. ఫైలు తీసి నా అందమైన చేతిరాతను చదివాడు. "చెట్లు మూడు, బాగున్నాయి" అని నా వైపు చూసి, "నువ్వు చూసే రాశావు కదా?" అన్నాడు.

"చూసే రాశాను" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో మీకు చెప్పాలి. చూడకుండా సంతకం పెట్టిన గుమస్తాను ఆ మేనేజరు అంతకు ముందే ఒకణ్ణి ఇంటికి పంపించాడు. నాకు ఫ్యామిలీ వీసా వచ్చి ఎనిమిది నెలలే అయింది. మా ఆవిడా, రెండో క్లాసు చదివే మా అమ్మాయీ అబూ హమూర్‌లో ఒక గదీ వంటిల్లూ ఉన్న ఇంట్లో నాతో ఉన్నారు. ఎనిమిదేళ్ళు ఒంటరి మగవాళ్ళ క్యాంపులో కూడు తిన్నవాడికి ఆ వంటిల్లు ఎంతో మీరు ఊహించుకోండి. దాన్ని కాపాడుకోవడానికి పరాయివాళ్ళ బతుకుని పణంగా పెట్టాను. పెడుతున్నానని తెలుసు కూడా. అందుకే ఆయన మొహం చూడలేక ఫైళ్ళు సర్దుతున్నట్టు నటించాను.

ఆ సాయంత్రం డ్రైవరు నన్ను కార్లో ఇంటికి దింపుతున్నాడు. దారిలో, "సారూ, గా దినం నేను చెప్పింది యాదికున్నదా?" అన్నాడు.

"లేదు" అన్నాను.

"నాకున్నది" అని గేరు మార్చాడు. ఆ తర్వాత ఆ విషయం ఎత్తలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

రెండు రోజుల తర్వాత ఓనరు కొడుకు ఫోన్ చేసి, వాళ్ళ నాన్న స్వయంగా చూడ్డానికి వస్తానంటున్నాడని చెప్పాడు. ఇల్లు పెద్దాయన పేరు మీదే ఉంది. ఆయనకు ఎనభై దగ్గర పడ్డాయి. చూపు దాదాపు పూర్తిగా పోయింది. చూపు లేనాయన ఏం చూస్తాడని మేనేజరే అన్నాడు.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక, ఎండ గోడ దిగుతున్న వేళ అందరం అక్కడికి చేరాం. మేనేజరు, నేను, డ్రైవరు, ఇంజనీరు, ఆయన భార్య. పెద్దాయన కొడుకు చెయ్యి పట్టుకుని కారు దిగాడు. సన్నటి మనిషి. మెడ మాత్రం పడవ లాగినవాళ్ళ మెడలా బలంగా ఉంది. ఇంజనీరు భార్య హోష్‌లో కుర్చీ వేసి, అల్లం టీ పెట్టి తెచ్చింది. తగాదాకి వచ్చినవాళ్ళకు టీ ఏమిటని భర్త కళ్ళతో వారించినా వినలేదు. పెద్దాయన టీ మొత్తం తాగి, గ్లాసు ఆమెకే తిరిగిచ్చి, "సిద్ర ఎక్కడ?" అన్నాడు.

కొడుకు తీసుకెళ్ళి చెట్టు బెరడు మీద ఆయన చెయ్యి పెట్టాడు. ముసలాయన రెండు చేతులతో దాన్ని తడిమాడు. పశువును తడిమినట్టు పైనుంచి కిందికి. తర్వాత మాకందరికీ వినపడేట్టు అరబ్బీలో చెప్పాడు. ఆ చెట్టు ఆయన భార్య నాటిందట. వాళ్ళలో మనిషి పోతే సిద్ర ఆకు నలిపిన నీళ్ళతో కడుగుతారు. ఆమెను ఈ చెట్టు ఆకులతోనే కడిగారు. తననూ దీని ఆకులతోనే కడగమని పిల్లలకు చెప్పి పెట్టుకున్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు, ఆయన డిపాజిట్ కోసం రాలేదని. మా మేనేజరు తల దించుకున్నాడు. నేను తెలుగులో చెప్తే ఇంజనీరు భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"తవ్వండి" అన్నాడు పెద్దాయన.

డ్రైవరు కారులోంచి పార తెచ్చాడు. మొదట పైపైన గీకించి, చిటికెడు మట్టి తీసుకుని వాసన చూశాడు పెద్దాయన. తర్వాత నాలిక మీద వేసుకున్నాడు. మేమందరం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు చప్పరించి, పక్కకు ఊశాడు.

"తియ్యటి నీళ్ళు. రోజూ పోసినవి. ఇందులో బియ్యం ఉంది."

"ఏమంటాడన్నా?" అంది ఆమె. చెప్పాను. ఆమె బిత్తరపోయింది. "అవునన్నా. తెల్లారితే బియ్యం కడిగిన నీళ్ళు, సాయంత్రం ఒక బకెట్ పంపు నీళ్ళు. ఆయనకెట్ల తెలిసె?" అంది.

కొడుకు మెల్లగా చెప్పాడు, తండ్రి చిన్నతనంలో ముత్యాల కోసం సముద్రంలో మునిగినవాడట. ఆ తర్వాత పడవ ముందు భాగాన నిలబడి, సీసపు గుండుకు కొవ్వు పూసి తాడుతో అడుగుకు వదిలేవాడట. కొవ్వుకంటుకుని వచ్చిన మట్టిని నాలిక మీద పెట్టుకుని, ఒడ్డు కనపడకుండానే పడవ ఎక్కడుందో చెప్పేవాడట. నడి సముద్రంలో ఆ నాలికను నమ్ముకుని పడవెడు మంది ఇళ్ళకు చేరారు. నేను మాత్రం నాలుగు బారల దూరంలో ఉన్న చెట్టును చూడలేకపోయాను.

మోచేతి లోతు తవ్వించి మళ్ళీ రుచి చూశాడు. ఈసారి మొహం మారిపోయింది. "ఇది సముద్రం" అన్నాడు. ఎవరూ నీళ్ళు పోయని గోడవారన కూడా తవ్వించి చూశాడు. అక్కడ పైనుంచే ఉప్పు. లేచి నిలబడి, లెక్క చెప్పినట్టు చెప్పాడు. "నేలంతా ఉప్పు తాగింది. చెట్టు దగ్గర మాత్రం ఈ అమ్మాయి నీళ్ళు ఉప్పును కిందికి తోశాయి. కాబట్టి ఉప్పు ఈమెకన్నా ముందే వచ్చింది. ఇది మన బావి నీళ్ళు. ఎవరు పెట్టారు?"

ఇంటి వెనక తోటలో వాళ్ళదే పాత బావి ఉంది. అది ఏనాడో ఉప్పుబారింది. ఇల్లు ఖాళీగా ఉన్న రెండు వేసవులూ మంచినీళ్ళ కనెక్షన్ తీసేసి, కాపలావాడి చేత బావి మోటారు నీళ్ళే పెట్టించానని కొడుకు ఒప్పుకున్నాడు. తండ్రి తిట్టలేదు. చిటికెడు మట్టి కొడుకు అరచేతిలో పెట్టి, "నువ్వూ చూడు" అన్నాడు. తెల్లటి బట్టల్లో ఉన్న ఆ నలభై ఏళ్ళ మనిషి మా అందరి ముందూ దాన్ని నోట్లో వేసుకున్నాడు. నాకు ఆ కొడుకు మీద కూడా గౌరవం కలిగింది.

కానీ అతను వ్యాపారస్థుడు. రుమాలుతో నోరు తుడుచుకుని నా లిస్టు తీశాడు. "ఉప్పు నీళ్ళతో కూడా సిద్ర చాలా ఏళ్ళు బతుకుతుందని మీరే అంటారు నాన్నా. ఇల్లిచ్చిన రోజున చెట్టు బాగుందని ఇందులో ఉంది. వీళ్ళూ సంతకం పెట్టారు. అంటే చచ్చింది వీళ్ళ చేతిలోనే" అన్నాడు.

పెద్దాయన ఇంకోసారి బెరడు తడిమాడు. "మట్టి ఆ రోజు సంగతి చెప్పదు" అన్నాడు చివరికి. "ఆ అమ్మాయిని అడుగు. వాళ్ళొచ్చిన నాడు చెట్టుకు ఆకుందా?"

అడిగాను. అక్కడ రెండు భాషలూ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆమెకు అరబ్బీలో షుక్రన్, మాఫీ లాంటి ఒకటి రెండు ముక్కలు తప్ప రావు. డ్రైవరుది బజారు అరబ్బీ. మొగుడిది ఇంగ్లీషు, అది పెద్దాయనకు రాదు.

ఆమె చెట్టు వైపు చూస్తూ చెప్పింది. "ఒక్క ఆకు గూడా లేదన్నా. చచ్చిందేమో అని నాలోనే అనుకుంటి. కానీ మీరు బాగుంది అని రాసినారు కదా? చూడకుండా రాస్తారా అనుకుంటి. రేగు కదా, ఎండలకు ఆకు రాలుస్తుంది, వానకు చిగురిస్తుంది అని సంవత్సరం చూస్తి. చిగురియ్యలేదు. అప్పుడు తప్పు నాదే అనుకుంటినన్నా. నాకు నీళ్ళు పోసేది చేతగాలేదేమో, నా చేతిలో చచ్చిపోతా ఉందేమో అని ఒక పూట గూడా మానలేదు. జ్వరమొస్తే ఈయన పోసినాడు. ఊరికి పోయిన నెల పక్కింటామెకు చెప్పి పోతిమి."

నేను చేసిన పొరపాటే ఆమె కూడా చేసింది. కానీ నేను ఆ పొరపాటును కాగితం మీద రాసి మర్చిపోయాను. ఆమె మూడేళ్ళు బకెట్లతో మోసింది.

"ఏమంటోంది?" అన్నాడు పెద్దాయన.

'ఆకు లేదంటోంది' అని ఊరుకోవచ్చు. అది అబద్ధం కాదు. ఆమె మాట ఒకవైపు, కాగితం ఒకవైపు నిలబడతాయి, కాగితం గెలుస్తుంది. నా వంటిల్లు నాకుంటుంది. మా అమ్మాయి బడి నాకుంటుంది. డ్రైవరు పార మీద చెయ్యి పెట్టుకుని నా వంకే చూస్తున్నాడు. నేను చూసింది మాత్రం ఆమె చేతుల్ని. బకెట్ హ్యాండిల్ పట్టిన చోట కాయలు కాచి ఉన్నాయి.

ఒక్క మాట వదలకుండా చెప్పాను. జ్వరం సంగతీ, పక్కింటామె సంగతీ అన్నీ. చివర నాది కలిపాను. "ఆ రాసింది నేను. ఎండగా ఉందని గడప దిగలేదు. ఈ డ్రైవరు వచ్చి చూడమన్నాడు. వెళ్ళలేదు. మొన్న మా మేనేజరు అడిగితే చూశానని అబద్ధం చెప్పాను. చెట్టు ఆ రోజుకే చచ్చిపోయింది."

మేనేజరు నా వైపు చూడలేదు. "రేపటి నుంచి ఇతను రాడు, పెద్దాయనా. మన్నించండి" అన్నాడు.

పెద్దాయన చెయ్యెత్తి ఆయన్ను ఆపాడు. ముందు ఆమె వైపు తిరిగాడు. కనపడని ఆ కళ్ళు సరిగ్గా ఆమె నిలబడిన చోటే ఆగాయి. "మా వాళ్ళు పోతే మేము ఒక్కసారే కడుగుతాం. నా భార్య చెట్టును నువ్వు మూడేళ్ళు కడిగావమ్మా" అన్నాడు. దాన్ని తెలుగులో చెప్పడానికి నాకు రెండుసార్లు పట్టింది. ఆమె ముందుకొచ్చి, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు చేసినట్టే, వంగి ఆయన కాళ్ళకు మొక్కింది. ఆయన కంగారుపడి రెండడుగులు వెనక్కి వేసి, గాల్లోనే చెయ్యి ఊపుతూ దీవెనగా ఏదో దువా చదివాడు. కొడుకు అక్కడే కారు బానెట్ మీద లెటరు రాశాడు. పెద్దాయన వేలిముద్ర వేశాడు. డిపాజిట్ పూర్తిగా ఇవ్వమన్నాడు. ఇంజనీరు ఆ కాగితాన్ని మడవడానికి కూడా భయపడి అట్లాగే రెండు చేతులతో పట్టుకున్నాడు.

అప్పుడు పెద్దాయన మేనేజరుతో, "ఇతన్ని పంపించకు. ఇక చూడకుండా రాయడు" అన్నాడు. ఆయన మాట మా మేనేజరు కాదనలేకపోయాడు. ఆ ఆఫీసులో నేను ఇంకా ఏడేళ్ళు పనిచేశాను.

నేను థాంక్సు చెప్పబోతే ఆయన వినిపించుకోలేదు. చెయ్యి చాచి నా మణికట్టు వెతికి పట్టుకున్నాడు. నన్ను చెట్టు దగ్గరికి నడిపించి, ఒక సన్న కొమ్మ మీద నా బొటనవేలు పెట్టి, దాని మీద తన వేలితో నొక్కాడు.

"గోటితో గీకు. బతికి ఉంటే లోపల పచ్చగా కనిపిస్తుంది" అన్నాడు.

గీకాను. పెళుసుగా లేచిపోయింది, లోపల బూడిదరంగు. ఆ పనికి అరనిమిషం కూడా పట్టలేదు.